ముప్పై దాకా

నిజ్వా సూక్‌ల శుక్రవారం పొద్దున
మేకల బేరం సల్లారినంక
తుపాకుల బేరం మొదలైతది.
ముసలోళ్ళు భుజాన వేసుకొని తిరుగుతుంటరు
గొడుగు ఏసుకున్నంత సులువుగ.
నేను ఉస్తాద్ సువైలిం దుకాణం ఎనక
రేకు నీడల కూసొని జిడ్డు తుడుస్త.
ఏ యుద్ధంల పూసిందో ఆ జిడ్డు,
జూన్ ఎండకు తనంతట తనే
కట్టె సందుల నుంచి తేనె లెక్క కారుతది.

మొదటి దినమే ఉస్తాద్ చెప్పిండు:
"తూటా లేదని ఎవలు చెప్పినా నమ్మకు.
నేను చెప్పినా నమ్మకు.
తెరువు. చూడు. చిటికెనేలు పెట్టి మళ్ళ చూడు."
ఆయన కుడి కనుబొమ్మ సగమే ఉంటది.
మిగతా సగం ఎటు పోయిందని
నేను అడగలే.

పాత మందుల ఉప్పు ఉంటది,
రాత్రికి రాత్రి నాళం లోపలంత తింటది.
నూనె రాస్తే పోదు, ఉడుకు నీళ్ళే పొయ్యాలె.
గట్ల కడుగుతుంటెనే ఒకనాడు
జిడ్డు కింద అక్షరాలు తేలినయ్:
ఇషాపూర్, 1943.
ఓసి నీ! నువ్వు ఆ దిక్కుదానివేనా.
మా రుద్రంగిల నిన్ను పోలీసుల భుజాన చూసిన.
త్రీనాట్‌త్రీ కనవడితే మా నాయిన
బీడీ ఆర్పి లేచి నిలవడేటోడు.
ఇక్కడ నీ చెవుల నేనే గుడ్డ పెట్టి తిప్పుతున్న.

ఒంటి మీద ఒక నంబరు, బోల్టు మీద ఒక నంబరు.
ఉస్తాద్ అద్దం పెట్టి చూసిండు, నాలిక చప్పరించిండు.
"వేరేదాని బోల్టు. మూస్తే మూసుకుంటది, కాలిస్తే కాలుతది.
ఎప్పుడో ఒకనాడు వెంట్రుకంత సందుల నుంచి
నిప్పు ఎనకకు వస్తది. గోడకు తగిలియ్."
గోడకు తగిలిచ్చిన.
నా పాస్‌పోర్టుల కొమురయ్య అని ఉంటది.
అవ్వ పెట్టిన పేరు లస్మన్న.
ఏజెంటు ఎక్కిచ్చిన బోల్టు,
పదకొండేండ్ల సంది మూసుకుంటనే ఉన్నది.

ఉస్తాద్ బిడ్డ కొడుకు హమ్దాన్, ఇరవై రెండేండ్లు.
పెట్టెల దొరికినయని గుప్పెడు తూటాలు తెచ్చిండు.
ఎండకు పట్టి చూసిన: మెడల చుట్టు చిలుము,
పచ్చగ, రాగి చెంబుకు పట్టినట్టు.
వద్దన్న.
నా అరబ్బీల "వద్దు"కు బరువు తక్కువ.

వాదీల, గుట్ట మొదట్ల పెరుగు డబ్బా.
మొదటిది కాలింది. రెండోది కాలింది.
మూడోదానికి టక్ మన్నది, గంతే.
హమ్దాన్ నవ్విండు. చెయ్యి బోల్టు మీదికి పోయింది.
"ఆగు!"
నోట్లె నుంచి తెలుగే వచ్చింది.
మూతి గుట్ట దిక్కే ఉంచు, ముప్పై దాకా కదలకు,
లోపల నిప్పు ఇంకా దారి వెతుక్కుంటుండచ్చు.
ఇదంత చెప్పే భాష ఎక్కడిది నాకు?
లెక్కపెట్టుడు షురూ చేసిన.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
ఐదు అనేటప్పటికే
బోల్టు గుంజిండు.

కన్ను దక్కింది.
కుడి చేతి మూడు వేళ్ళు వంగవు ఇగ.
చెంపల నుంచి ఇత్తడి ముక్కలు తీసి
డాక్టర్ పళ్ళెంల ఏస్తుంటె చప్పుడు వినవడ్డది,
చిల్లర ఎంచినట్టు.

ఠాణాల అడిగిండ్రు: ఈ తుపాకి తుడిచిందెవలు?
కొమురయ్య అని రాసుకున్నరు.
ఆ రాత్రి ఎవని కోసం భయపడాల్నో
నాకు తెలువలే.
తెల్లారి హమ్దాన్ కట్టు కట్టిన మొఖంతోని చెప్పిండట:
"ఆయన ఆగుమన్నడు. ఆ మాట రాదు నాకు,
అయినా సమజైంది.
సమజై కూడ ఆగలే."

ఇప్పుడు శుక్రవారం శుక్రవారం దుకాణానికి వస్తడు.
ఎడమ చేత్తోని చాయ్ తాగుతడు.
కొనేటోడు పాత తూటాల ముచ్చట తీస్తే చాలు
వంగని వేళ్ళు బల్ల మీద పెట్టి చూపిస్తడు,
తెలుగులనే లెక్కపెడ్తడు:
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
ఆయనకు గాడి దాకనే వచ్చు.
ఐదు నుంచి
నేను చెప్త.