ఒక్క అక్షరం

అరవై ఏళ్ల పేర్లలో ఆఖరిది క్షయ.
పలకడానికి జంకి మన పంచాంగాల వాళ్లు
ముందొక 'అ' తగిలించి
అక్షయ అన్నారు.

బర్మింగ్‌హామ్‌లో, మంగళవారం పొద్దున,
రెండు తలుపుల వెనక
గాలిని కూడా వడగట్టి వదిలే గదిలో
నా పని ఆ 'అ'ని వెతకడం.
నలభై నాలుగు లక్షల అక్షరాల బతుకు దానిది.
ఎక్కడో ఒకచోట
'సి' ఉండాల్సిన పీట మీద 'టి' కూర్చుంటుంది.
అంతే.
రిఫాంపిసిన్ వచ్చి తలుపు తడితే
అక్కడిప్పుడు గోడ.

మిగతా క్రిములు రాత్రికి రాత్రే ఊళ్లు కట్టేస్తాయి.
ఇది మాత్రం పేరంటానికి బయల్దేరిన పెద్దావిడ.
సీసాలో తాపీగా,
రోజుకొక్కసారి రెండవుతుంది.
మేమూ ఆగుతాం.

నాకు పేర్లు చెప్పరు.
నలభై ఒకటి: ఇరవై ఆరేళ్లు, గోడౌన్‌లో రాత్రి పని,
తడిసిన దిండు.
అరవై ఎనిమిది: ఒకప్పటి బస్సు డ్రైవరు,
సిగరెట్ల దగ్గేలే అని ఏడాదిపాటు
తనకు తానే సర్దిచెప్పుకున్నవాడు.
భాష కలవదు. పుట్టిన సముద్రాలు వేరు.
ఒకరినొకరు ఎరగమన్నారు ఇద్దరూ.

తెర మీద రెండు క్రిముల్నీ పక్కపక్కన పరిచాను.
తేడా రెండక్షరాలు.

మా వైపు కొత్తవాళ్లు కలిస్తే ముందు ఇంటిపేరు అడుగుతారు,
రెండో ప్రశ్నకి ఎక్కడో ఒక మేనత్త తేలుతుంది.
ఈ మనుషులకు తెలియని చుట్టరికం
వాళ్ల ఊపిరితిత్తులకు తెలుసు.

నర్సు మోయిరా ఐదుసార్లు వెళ్లింది.
చర్చి? పబ్బు? మంగలి షాపు?
కాదు, కాదు, కాదు.
ఆరోసారి, డ్రైవరు గారి యాష్‌ట్రేలో
నీలం ప్లాస్టిక్ టోకెన్ ఒకటి చూసింది.
అలాంటిదే కుర్రాడి తాళాల గుత్తికి వేలాడటం
ఆమెకు గుర్తుంది.

లాండ్రెట్.
ఆదివారం రాత్రులు, బిగించిన కిటికీలు, ఆవిరి.
ఇద్దరు మగవాళ్లు పలకరించుకోకుండా
తిరిగే బట్టల్ని చూస్తూ
ఒకే గాలిని చలికాలమంతా పంచుకున్నారు.
అక్కడ దుప్పట్లు మడతపెట్టే ఆవిడ రక్తంలోనూ
దాని జాడ ఉంది, జబ్బు లేదు. నిద్రపోతోంది.
రెండేళ్లు కనిపెట్టుకుని ఉండాలి.

కుర్రాడు రోజూ ఫోన్ కెమెరా ముందు మాత్రలు మింగి
నాలుక చాపి చూపిస్తాడు.
అరికాళ్లలో చీమలు పాకుతున్నాయంటాడు.
అది జబ్బు కాదు, మందు. మోతాదు తగ్గించారు.
పెద్దాయన ఒకరోజు ఫోనెత్తలేదు.
మోయిరా వానలో వెళ్లి తలుపు బాదింది.
కునుకు పట్టిందట.
ఆఖరి మాత్ర గొంతు దిగేదాకా
గొడుగు ముడవకుండా గుమ్మంలోనే నిలబడింది.

నేను చెప్పగలిగింది ఒక్కటే,
ఏ అక్షరం మారిందో.

డిసెంబరులో ఓ సాయంత్రం
బస్సు పై అంతస్తులోంచి ఆ లాండ్రెట్ కనిపించింది.
వెలుగు. గుండ్రంగా తిరుగుతున్న ఎవరిదో ఎర్ర స్వెట్టర్.
పై కిటికీ మూసుకుపోకుండా
ఎవరో సగం ఇటుక అడ్డం పెట్టారు.
లోపలున్నవాళ్లు చలికి తిట్టుకుంటూనే ఉంటారు.
ఆవిరి వీధిలోకి వస్తోంది.