ఒక సున్న ఎక్కువ

నల్లరాతి మీద అక్షరాలు చెక్కే లొవెన్నాకి
రబ్బరు లేదు, కొట్టివేత లేదు.
ఉలి జారితే జారినట్టే.
కొత్త రాయి కొనాలి, లేదంటే
పోయినవాళ్ళు తప్పుల కింద పడుకోవాలి.

అందుకే కార్న్‌వాల్ తీరాన ఆ చిన్న రేవులో
ఊరి స్పెల్లింగులన్నీ ఆమె పూచీ.

లైస్ అనాల్సిన చోట
లేస్ అని రాసుకొస్తారు కొడుకులు.
మొదటిది, ఇక్కడ పడుకున్నాడు అని.
రెండోది కోడి చేసే పని, గుడ్డు పెట్టడం.
మీ నాన్న పెట్టనా అని అడగదామె,
మార్చి చెక్కుతుంది.
ఆ లైస్‌కి అబద్ధాలాడతాడని కూడా అర్థముంది.
అది ఊరికి తెలుసు,
రాయి చెప్పక్కర్లేదు.

కొండమలుపు హోటల్ ముందు పలక:
భోజనంతో ఎడారి ఉచితం.
ఒక్క ఎస్ తగ్గి పాయసం ఇసకైపోయింది.
పోనీలే అనుకుంటుంది,
సుద్దముక్క తప్పుని వాన దిద్దుతుంది.

వానకి లొంగనిది వాళ్ళ నాన్న చెక్కిన బోర్డు.
కాగితాలూ కవర్లూ అమ్మే కొట్టుకి
ఈ పడాల్సిన చోట ఏ పడి
'కదలని కొట్టు' అని స్థిరపడింది.
(తెలుగులో రెండూ ఒక్క స్టేషనరీయే,
బతికిపోయాం.
మన గండాలు వేరు:
ఒక ఒత్తు ఎక్కువైతే చాలు, గుడి గుడ్డిదవుతుంది.)
నలభై ఏళ్ళు నవ్వారు జనం.
కొట్టు ఎత్తేశారు, కొట్టువాడు పోయాడు,
బోర్డు మాత్రం
నిజంగానే కదల్లేదు.

నవంబరులో డిగరీ హాకింగ్ వచ్చాడు.
చేపల వాసన, తడి టోపీ,
ఆటుపోట్ల పట్టిక వెనక పెన్సిల్ రాత.
టామ్‌సిన్ పేరు. రెండు తేదీలు. కింద ఒక్క వాక్యం:
ఐ విల్ నెవర్ లూస్ యూ.
రెండు సున్నలతో.

లొవెన్నా గొంతు తగ్గించింది.
"ఒక సున్న తీసేద్దాం డిగరీ.
ఒకటుంటే పోగొట్టుకోవడం.
రెండుంటే వదులు,
వదులు చొక్కా, కదిలే పన్ను.
పైగా నేను అక్షరానికింత అని తీసుకుంటాను,
నీకు నాలుగు పౌన్లు మిగుల్తాయి."

(మన నోట్లో ఆ రెండూ లూజే.
అక్కడ సకారానికీ జకారానికీ మధ్య
ఒక మనిషి నిలబడి ఉన్నాడు.)

అతను టోపీ తిప్పుతూ ఉన్నాడు చాలాసేపు.

"పోగొట్టుకోను అని ఎట్లా చెక్కిస్తాను?
పోగొట్టుకున్నాగా.
మొన్న మంగళవారం, ఆస్పత్రి నాలుగో అంతస్తు,
కాఫీ తెద్దామని కిందికి దిగాను.
రాతి మీద అబద్ధమెందుకు.
లూస్ అంటే మా పడవల్లో
తాడు విప్పి వదిలెయ్యడం.
అది చెయ్యను.
సరిగ్గానే రాశాను,
రెండుసార్లు చూసుకున్నాను కూడా."

ఇరవై ఆరేళ్ళుగా దిద్దుతున్న చెయ్యి
ఆ పూట పెన్సిల్ కింద పెట్టింది.

రెండో సున్నకి పొద్దంతా పట్టింది.
రాయి అక్కడ గట్టి,
లోపలెక్కడో తెల్లని జీర.
ఊదితే లేచిన పొడి
ఆమె కనురెప్పల మీద వాలింది.
ఆ అక్షరానికి డబ్బు తీసుకోలేదని రాస్తే
బావుండేది.
తీసుకుంది. ఉలికి సాన ఊరికే పట్టరు.

వేసవికొచ్చే మిసెస్ వోస్పర్, ఒకనాటి పంతులమ్మ,
సమాధుల మధ్య కళ్ళజోడు సవరించుకుని
చర్చికి ఉత్తరం రాసింది:
పిల్లలు చదివే చోట ఇంత పెద్ద అక్షరదోషమా,
చెక్కినవారికి నిఘంటువు లేదా.
ఉత్తరంలో ఒక్క తప్పు లేదు.
కామాలన్నీ కుదురుగా కూర్చున్నాయి.
లొవెన్నా రెండుసార్లు చదివి, మెచ్చుకుని,
వెనక్కి తిప్పి
రేపటి రాయి కొలతలు వేసుకుంది.

సాయంత్రం రేవులో
డిగరీ పడవ కట్టేశాడు.
గాలి లేదు, ఒక ముడి చాలు.
రెండు వేశాడు.