కెజియాకి బేస్ గిటారు అప్పగిస్తూ

తీగలకి ఉప్పుగాలి పడదమ్మాయ్,
వాయించాక పాత లుంగీ ముక్కతో తుడువు.
కొత్తవి కొందామంటే
మలికిపురం పెళ్లివాళ్లు ఇంకా బాకీ.

ఏంప్లిఫయర్ నేల మీద పెట్టకు,
చేలో తడిమట్టి సగం మోత మింగేస్తుంది.
చెక్క స్టేజీ మీద పెడితే కుండలో అరిచినట్టుంటుంది.
మధ్యలో నాలుగు ఇటుకలు, మడతేసిన గోనె.
ముప్పై ఏళ్లలో నాకు తెలిసింది ఇదే.

జనరేటర్ పక్కన నిలబడకు, గుయ్యిమంటుంది.
వినపడలేదని బేస్ నాబ్ తిప్పకు, మిడ్ కొంచెం పెంచు.
బుల్లబ్బాయి తాగొచ్చిన రాత్రి
డ్రమ్స్ మీద చేతులు కాదు, కుడికాలు చూడు.
వాడి కాలెప్పుడూ తాగదు.

సింగర్ తప్పితే తిడతారు.
కీబోర్డు తప్పితే నవ్వుతారు.
నువ్వు తప్పితే ఎవరికీ ఏమీ తెలీదు,
పెళ్లికూతురి మేనత్త మాత్రం
ఆడుతున్నదల్లా ఆగి
చెప్పు సర్దుకుంటుంది.

అంతర్వేది తీర్థంలో ఓసారి పాట మధ్యలో కరెంటు పోయింది.
చీకట్లో ఈలలు, పిల్లల ఏడుపులు.
నేను వాయిస్తూనే ఉన్నా,
నా వేళ్లకి తప్ప ఎవరికీ వినపడకుండా.
బుల్లబ్బాయి తడుముకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు.
లైట్లొచ్చేసరికి
పాట ఎక్కడుండాలో అక్కడే ఉంది.

సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు ఎక్కితే
పెట్టె ఒళ్లో పెట్టుకో.
ఇంజను మోత లోపలికి దిగి
తీగలు వాటంతటవే మూలుగుతాయి,
లావు తీగ కన్నా కాస్త కింద.
అదేం స్వరమో ఇన్నేళ్లూ పట్టుకోలేకపోయా.
నీకు దొరికితే ఫోన్ చెయ్యి.
ఎత్తకపోతే మళ్లీ చెయ్యి.
కుడిచెవి, స్పీకర్ వైపుది,
ఏనాడో పోయింది.
నువ్వు మాత్రం దూది పెట్టుకో.