వదిలేసిన వంపు

దాలినాయుడూ,
నువ్వు సైకిలెక్కి పదిహేడు నెలలు.
మెట్ల కింద గోడకి ఆన్చేశావట,
హేండిలుకి ఉల్లిపాయల సంచీ వేలాడుతోందట.
మంచిదే. ఉల్లిపాయలకీ గాలి కావాలి.

అయినా దారి రాస్తున్నాను.
ఎందుకంటే ఈ దారిలో లారీ రాదు.
రాకూడదని బోర్డేం లేదు.
పట్టదు, అంతే.

పర్లాకిమిడిలో తెల్లారగట్ల బస్సు దిగు.
టాపు మీంచి సైకిలు క్లీనరే దించుతాడు,
ఇరవై రూపాయలు, బేరమాడకు.
కాశీనగర్ వైపు ఆరు కిలోమీటర్లు తారురోడ్డు.
అంతవరకూ ఓర్చుకో. ఎడమ అంచు వదలకు.
వెనక హారన్ మోగితే దిగి నిలబడు.
సిగ్గేం లేదు, నేనూ దిగుతాను.

తర్వాత జీడితోట, కప్పు కూలిన గేటుగది.
అక్కడ కుడికి తిరిగితే
పాత రైలుకట్ట.

చిన్నబండి పోయి పెద్దబండి వచ్చినప్పుడు
కొత్త పట్టాలు తిన్నగా కోసుకుపోయాయి.
కొండపాదం చుట్టి వెళ్ళే ఈ వంపు
ఎవరికీ అక్కర్లేకపోయింది.
ఇనుము పట్టుకుపోయారు, చెక్క పట్టుకుపోయారు,
కంకర కూడా సగం పట్టుకుపోయారు.
వంపుని మాత్రం ఎత్తుకుపోవడం కుదరలేదు.

పదకొండు కిలోమీటర్లు.
ఎక్కుతున్నట్టు కాళ్ళకి తెలీదు.
బొగ్గు ఇంజను ఊపిరి చూసుకుని కట్టిన వాలు,
యాభై దాటిన మన మోకాళ్ళకీ సరిపోతుంది.
మా నాన్న ఈ ముక్కకే గేంగుమన్.
భుజాన సుత్తి, రోజూ నడిచేవాడు.
"వదులు మేకు అబద్ధం ఆడదురా,
డొల్లుగా పలుకుతాది" అనేవాడు.
ఆయన నడిచినంత మెల్లగా తొక్కు.
స్లీపరు చెక్కలు లేచిపోయిన చోట
గడ్డి ఇప్పటికీ అడ్డగీతలుగానే మొలుస్తుంది,
నిచ్చెన పడుకున్నట్టు.
జోరుగా పోతే అది కనబడదు.

మూడో కిలోమీటరు దగ్గర వంతెన లేదు.
రెండు రాతి దిమ్మలు, మధ్యన గెడ్డ.
సైకిలు భుజానికెత్తుకుని దిగాలి,
శ్రావణంలో తప్ప నీళ్ళు మోకాలి లోతే.
నీ ఎడంభుజంలో రాడ్డుందని మర్చిపోలేదు.
అవతల మేకలు కాసే కుర్రాడు, లొకొనాథొ గొమాంగో,
అడక్కుండానే మోస్తాడు.
డబ్బులిస్తే పుచ్చుకోడు, బెల్లు కొట్టనిస్తే చాలు.
ఎంతసేపు కొడతాడన్నది మాత్రం నా చేతిలో లేదు.

పంచరు సామాను తెచ్చుకో.
తుమ్మముళ్ళకి రాష్ట్రం తేడా తెలీదు.
ఫోనుకి మరీ తెలుసు.
కొండ మలుపుకోసారి ఆంధ్రాకి స్వాగతం,
మళ్ళీ ఒడిశాకి స్వాగతం.
కట్టేసి సంచీలో పడేయ్.

ఏడో కిలోమీటరులో స్టేషనుంది.
మూడు భాషల్లో పేరు రాసిన పలక
చెరిగి చెరిగి ఇప్పుడు ఏ భాషలోనూ లేదు.
టికెట్ల కిటికీ వెనక సుకాంతి అనే ముసలమ్మ
మాండియా అంబలి అమ్ముతుంది,
చిల్లర ఆ కంతలోంచే తోస్తుంది.
"కువాడె?" అంటుంది, ఎక్కడికీ అని.
ప్రతిసారీ తడుముకుంటాను.
కట్ట చివర ఊరేం లేదు నాయుడూ,
కొత్త పట్టాలొచ్చి అడ్డంపడతాయి.
అక్కడ సైకిలు తిప్పుకుని వెనక్కి రావడమే.
"ఇక్కడికే" అన్నానొకసారి.
ఇంకో గిన్నె పోసింది.

ఒకటి చెప్పాలి.
ఆ రోజు పలాస బైపాసులో నేను నీ ముందున్నాను.
చప్పుడు విన్నాను.
వెనక్కి తిరగడానికి చాలాసేపు పట్టింది.
ఎంతసేపో బ్రేకు పట్టుకున్న ఈ చేతికి తెలుసు.
ఇన్నాళ్ళూ నీకు ఫోన్లో
ఎండల గురించీ వానల గురించీ చెప్పాను.

ఈ కట్ట మీద వెనక ఏదైనా చప్పుడైతే
ఆకుదో, మేకదో, మనిషిదో అయ్యుంటుంది.
ఇద్దరు పక్కపక్కన పట్టే వెడల్పు లేదు.
నువ్వు ముందు తొక్కు.
నేను వెనక ఉంటాను.

ఆ ఉల్లిపాయల సంచీని
ఇంకో మేకుకి తగిలించమని చెప్పు.