అర గింజ తక్కువ

ముందు తల చెప్పింది.
డీజే బండి వెనక, మండపేట కొత్త సిమెంటు రోడ్డు మీద
అడుగడుక్కీ జున్ను తల పైకి లేస్తోంది.
డప్పుకి ఆడుతోందనుకున్నారు పెళ్లివారు.
ఎవరో వంద నోటు దాని నుదుటికి అంటించారు.

ఆడటం కాదది.
ఎడమ ముందుకాలు ఆనినప్పుడల్లా
నేల మీంచి పారిపోదామని చూడటం.

రెండున్నరేళ్ల పిల్ల.
పుట్టిన దగ్గర్నుంచీ కాలవగట్టు తడిలో తిరిగింది,
గిట్టలు నానబెట్టిన సెనగల్లా మెత్తన.
శ్రావణం వచ్చింది, ముహూర్తాలు వరస కట్టాయి,
నాడాలు కొట్టే ఇమాంజాన్ చూస్తే
కూతురింటికి నరసాపురం వెళ్లాడు.
మేకులున్నాయి, సుత్తి ఉంది,
మా నాన్న జట్కా గుర్రానికి కొడుతుంటే
ఏళ్లతరబడి కాలు పట్టుకున్నవాణ్ని.
పట్టుకోవడం వేరు.

ఏడు మేకులు.
ఆరు గట్టిగా పలికాయి.
ఏడోది చప్పుడు లేకుండా మెత్తగా దిగింది.
విన్నాను.
విననట్టు దాని మొన వంచి కొట్టాను.

ఇమాంజాన్ సైకిల్ దిగీ దిగకుండానే
గిట్ట మీద అరచెయ్యి పెట్టాడు. పొయ్యి మీది గిన్నెలా ఉంది.
పట్టకారుతో చుట్టూ నొక్కుకుంటూ వచ్చి
ఏడో మేకు దగ్గర ఆగాడు. జున్ను కాలు లాక్కుంది.
పీకి, వాసన చూసి, నా చేతిలో పెట్టాడు.
తడిగా, నల్లగా.
"జీవంలోకి కొట్టేశావు బాబూ"
అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

నాలుగు కాళ్ల నాడాలూ ఊడదీశాడు.
పశువుల డాక్టరు ధనుర్వాతం సూది వేశాడు.
పొద్దునా సాయంత్రం ఉప్పు వేసిన వేడినీళ్ల బక్కెట్టు,
తవుడు ముద్ద, దాని మీద యూరియా బస్తా ముక్క,
దాని మీద టేపు.
లంక నుంచి రెండు బళ్ల పొడి ఇసక తోలించి పాకలో పరిచాను.
మూడు అడ్వాన్సులు వెనక్కిచ్చాను,
ఒకటి అప్పటికే ఖర్చయిపోయింది, అది అప్పు తెచ్చి.

"మళ్లీ ఎప్పుడు కడదాం?"
"గిట్ట నెలకి వడ్లగింజంత పెరుగుద్ది.
ఆ కన్నం దిగి దిగి అంచుకి రావాలి.
మూడు గింజలు. లెక్కేసుకో."

కాలవ నిండా గుర్రపుడెక్క.
ఊదా పూలు పెట్టుకుని, ఒక్క మేకూ లేకుండా
నీళ్ల మీద నడిచి లాకుల వైపు పోతోంది.
చూడవే, నీ పేరే దానికి, అన్నాను.
జున్ను తోకతో ఈగని కొట్టుకుంది.

కార్తీకంలో ఎదర చేను పండింది.
ఒక గింజ తుంచి, పాకలో గొంతుక్కూర్చుని
మూడోసారి గిట్టకి ఆనించి కొలిచాను.
ఈసారి కాలు లాక్కోలేదు.
నా భుజం మీద వేడిగా ఊపిరి వదిలింది.

అప్పుడే ఫోను. రామచంద్రపురం పార్టీ.
గురువారం రాత్రి ముహూర్తం, గుర్రం ఉందా అని.

"ఉందండీ.
అర గింజ తక్కువుంది.
ఆగాలండీ. ఆయ్."