పొయ్యి ముట్టని నలభై రోజులు

మా ఆయన పొయ్యిని మానేసి నలభై రోజులు.
నేను మానలేదు. అదీ తంటా.

కంచరపాలెంలో రెండు గదుల ఇల్లు.
ఒక గట్టు మీద నా పోపులపెట్టె,
ఇంకో గట్టు మీద ఆయన బుట్ట:
బంగినపల్లి మూడు, అరటిపళ్లు అరడజను,
గుడ్డలో మొలకెత్తుతున్న పెసలు,
సింహాచలం అనాస ఒకటి
ముళ్ల కిరీటం పెట్టుకుని నన్నే చూస్తూ.

"నిప్పు తాకనిదాంట్లోనే ప్రాణం ఉంటుంది" అంటాడు.
వుడా పార్కు గడ్డిలో ఆదివారాలు
ఓ మాస్టారు చెప్పిన మాట.
ముప్ఫయ్యేళ్లు హార్బర్లో
ఇనప ఖనిజం ఎర్రదుమ్ము మింగిన మనిషి
ఇప్పుడు మామిడిటెంక చీకుతూ
మోచేతి దాకా కార్చుకుంటాడు, పసివాడిలా.
ఎలా కోప్పడను?

కానీ నాది రక్తం చూసే ఉద్యోగం.
పెద్దాసుపత్రి ల్యాబులో పొద్దున ఏడింటికి
వరస కట్టిన చేతులు,
జాలారిపేట చేతులు, గాజువాక చేతులు,
రాత్రంతా అరకు బస్సులో నిద్రపోని చేతులు.
సీసాలో ఏ బొట్టూ నాతో అనలేదు
నేను లడ్డూనని, నేను పండునని.
అంకె ఒకటే చెప్తుంది.

ఆయన అంకె మొన్న పరగడుపున నూట అరవై ఎనిమిది.
"పళ్ల తీపి వేరే" అన్నాడు.
వేరే. నాకూ తెలుసు.
పీచు చెయ్యి పట్టుకుని మెల్లగా నడిచొస్తుంది.
పిండి గ్లాసులో పోస్తే మాత్రం
చెయ్యి విడిపించుకుని పరిగెడుతుంది.
ఒక జామకాయ చుట్టం,
బుట్టెడు మామిడిపళ్లు పెళ్లివారు.
ఎంత మంచివాళ్లయినా
ఇల్లు పట్టాలి కదా అన్నాను.
అరటితొక్క వలుస్తూ విన్నాడు. అంటే వినలేదు.

హనుమంతవాక దగ్గర పనసతొనలమ్మే పైడమ్మనడిగాను,
ఇది తింటే షుగరొస్తుందా అని.
కత్తికి నూనె రాస్తూ నవ్వింది.
"ఏటమ్మా, అలగడుగుతావు?
తెల్లారగట్ల పది తొనలు తినీసి
ఈ కాయి నెత్తినెట్టుకుని కొండ దిగొచ్చినాను.
సుగరు నన్నెక్కడ పట్టుకుంటాది?
మీ ఆయన తిని ఏటి సేస్తాడు?"

ఏం చేస్తాడు.
కిటికీ పక్కన కూచుని
గూడ్సు బండి పెట్టెలు లెక్కపెడతాడు.
యాభై ఎనిమిది దాకా వచ్చి తప్పుతాడు.

ఆ రాత్రి మిషను తెచ్చి బల్ల మీద పెట్టాను,
పోట్లాటకే.
చెయ్యి చాపలేదు.
"ముందు నీది" అన్నాడు.

పధ్నాలుగేళ్లుగా ఊరందరి వేళ్లూ పొడిచినదాన్ని,
నా వేలు ఒక్కసారీ పొడుచుకోలేదని
అప్పుడు తట్టింది.
మధ్యాహ్నం వేడన్నం, మాగాయ,
రెండు టీలు, కాదు మూడు,
ఎవరి పుట్టినరోజుకో పంచిన మైసూర్‌పాకు ముక్క.

అంకె వచ్చింది.
ఇక్కడ రాయను.
ఆయన చూసి నవ్వలేదు.
నవ్వినా బాగుండేది.

ఇప్పుడు పొద్దున్నే కైలాసగిరి మెట్లెక్కుతున్నాం.
ముందు ఆయన, వెనక నా ఆయాసం.
జేబులో ఒక దోరజామకాయ.
సగం దారిలో ఆగి, సముద్రం వైపు తిరిగి,
కత్తి లేక పంటితోనే రెండు చేస్తాడు.
పెద్ద ముక్క ఎవరిదన్నది రోజూ తగువే.

ఇంటికెళ్లాక నేను పొయ్యి వెలిగిస్తాను,
అన్నం గిన్నె ఒక సైజు తగ్గించి.
ఆవాలు చిటపటమనగానే
అవతలి గదిలో టెంక చీకే చప్పుడు ఆగుతుంది,
ఒక్క క్షణం.
మళ్లీ మొదలవుతుంది.