పదకొండు క్రెడిట్లు

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే
మనిషికింత, సైకిలుకింత, మోటారు సైకిలుకింత,
కొబ్బరి బస్తాకింత అని రేకు మీద రాసుంటుంది.
మార్కుల మెమోకి రేటు లేదు.
సంచిలో మడతపడి
ఈతకోట ఎస్తేరుతోపాటు
ఊరికే దాటేసింది వశిష్టని.

దాటింది కాగితమే.
చదువింకా ఆ ఒడ్డునే ఉందని
చెప్పాల్సినవాణ్ణి నేను.
ప్రభుత్వ పాలిటెక్నిక్, స్కాలర్‌షిప్పుల సెక్షను,
కిటికీ పక్క రెండో బల్ల.

అమ్మ కాలు విరిగిందని ఈ ఒడ్డుకు మారిందా పిల్ల.
రెండు కాలేజీలూ సర్కారువే,
రెండు గోడలకీ అదే పసుపు సున్నం,
రెండు చోట్లా ఫ్యాను ఒకేలా మూలుగుతుంది.
అయినా అక్కడి నలభై రెండు క్రెడిట్లు
ఇక్కడికొచ్చేసరికి ముప్పై ఒకటి.
డ్రాయింగు అక్కడ ఆరు, ఇక్కడ నాలుగు.
లెక్కల్లో పాఠాల వరస కలవలేదు, నాలుగు పోయాయి.
వర్క్‌షాపు పేరు మారింది, కనక అది వేరే వర్క్‌షాపు,
అయిదూ పోయాయి.
ఆకురాయి పట్టిన చెయ్యి మాత్రం అదే.
బొటనవేలి పక్క కాయ చూపించింది.
దానికి కాలమ్ లేదన్నాను.

ఇక డబ్బు సంగతి.
ఆ ఒడ్డున ఫీజు బకాయి పదమూడు వేల ఆరొందలు.
కట్టాల్సింది సర్కారు,
వసూలు చేసుకోవాల్సిందీ సర్కారే,
మధ్యలో నిలబడ్డది ఎస్తేరు.
అది తేలందే టీసీ రాదు,
టీసీ రాందే క్రెడిట్లు తేలవు,
క్రెడిట్లు తేలందే ఈ ఏటి ఫీజు మంజూరవదు.
ఈ మూడు ముక్కలూ రోజూ చెబుతాను,
ఎక్కం అప్పజెప్పినట్టు,
నోరు తిరిగిపోయింది.

వాళ్ళమ్మ వచ్చింది ఓ మంగళవారం, కర్ర ఊతంతో.
షెడ్డు మానేసి రెణ్ణెల్లైనా
వేళ్ళకింకా రొయ్యల వాసనే.
కుర్చీ వేస్తే కూర్చోలేదు.
"ఆయ్, నాకు సదువు తెలీదండి. కౌంటు తెలుసండి.
ఆ ఒడ్డున నలబై కౌంటు పడ్డ రొయ్య
పంటెక్కి ఈ ఒడ్డుకొస్తే
అరవై కౌంటైపోద్దేటండి?"

ఆఫీసులో ఎవరూ నవ్వలేదు.
సూపర్నెంటుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

మా నాన్న లాకు లస్కరు.
పైన నీళ్ళొక మట్టం, కింద నీళ్ళొక మట్టం,
రెండు తలుపుల మధ్య పడవ.
తూము కొంచెంకొంచెంగా ఎత్తి
నీళ్ళు సమం చేసేవాడు.
తొందరపడ్డ సరంగుల్ని బూతులు తిట్టేవాడు,
కానీ ఏ పడవనీ
వేరే మట్టం నుంచొచ్చావు, వెనక్కి పో అన్లేదు.
మట్టాలు కలపడం పడవ పని కాదురా,
లస్కరు పని, అనేవాడు.
ఇరవై రెండేళ్ళ సర్వీసు తరవాత
ఇది ఇప్పుడు జ్ఞాపకమొచ్చిందని
చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

ఆ రాత్రి నోటు ఫైలు రాశాను.
రెండు సిలబస్సులూ పక్కపక్కన పెట్టి
పాఠానికి పాఠం, గంటకి గంట.
వర్క్‌షాపు అయిదూ ఒప్పుకున్నారు,
డ్రాయింగు రెండూ దొరికాయి.
లెక్కల నాలుగు మాత్రం
కమిషనరేటుకెళ్ళి ఒక ప్రశ్నతో తిరిగొచ్చాయి.
జవాబు రాశాను. మళ్ళీ వెళ్ళాయి.
బకాయి ఇంకా పడలేదు.
టీసీ బదులు పూచీకత్తు రాయించుకున్నారు ప్రిన్సిపాలు.
దాని మీద సంతకం నాది.
ఎందుకు పెట్టావని మా ఆవిడ అడిగితే
రొయ్యల కౌంటు గురించి చెప్పబోయి
ఊరుకున్నాను.

ఎస్తేరు ఇప్పుడు రెండో ఏడు.
లెక్కల గంటకి మాత్రం మెట్లు దిగొచ్చి
మొదటేడు పిల్లల వెనక బెంచీలో కూర్చుంటుంది,
ఒకసారి నేర్చిందే మళ్ళీ నేర్చుకోడానికి.
నా కిటికీలోంచి కనిపిస్తుంది.
నిన్న బోర్డు మీద మేష్టారు ఎక్కడో తప్పు వేసినట్టున్నారు.
చెయ్యెత్తింది.
చుట్టూ చూసి
దించేసుకుంది.